గొంతు ఆమెది, నొక్కింది నేను

పుంగనూరు బస్టాండు వెనక వీధిలో ఒక పరుపుల అంగడి ఉంది. దాని మిద్దె మీది గదిలో ఇంటర్నెట్ ఫోన్ల ల్యాబ్ పెట్టినవాణ్ణి నేనే. ఒకప్పుడు ఈ మాట రొమ్ము విరుచుకుని చెప్పేవాణ్ణి. ఇప్పుడెవరైనా "ఆ ల్యాబ్ మీదేనంట కదా" అంటే, మాట మార్చి టమాటా ధర అడుగుతాను.

నేనుండేది మదనపల్లెలో. అక్కడొక కాలేజీలో నెట్‌వర్కింగ్ చెప్పేవాణ్ణి. చెప్పడమంటే ఏముంది, బోర్డు మీద నాలుగు డబ్బాలు గీసి వాటి మధ్య గీతలు కలపడమే. ఒకరోజు వెనక బెంచీ నుంచి ఎవరో "ఆ ఫోను నిజంగా మోగేది ఎప్పుడు సార్?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే ల్యాబ్ పెట్టాలనుకున్నాను. కోపమొస్తే తప్ప నా చేత ఏ పనీ జరగదు, నా పుట్టుకే అంత.

చేతిలో డబ్బు లేదు కాబట్టి, ఊళ్ళో ఎవరికీ పనికిరానివన్నీ నాకు పనికొచ్చాయి. మూతపడిన నెట్ సెంటర్ నుంచి ఒక పాత కంప్యూటర్ తెచ్చి, ఉచితంగా దొరికే టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి దాన్ని సర్వర్ చేశాను. ఏదో ఆఫీసువాళ్ళు అటక మీద పడేసిన టేబుల్ ఫోన్లు మూడు దొరికాయి. వాటిలో ఒకదానికి రెండో అంకె పడదు. మిగతావన్నీ విద్యార్థుల మొబైళ్ళే. ఒక యాప్ వేసుకుంటే చాలు, గదిలోని వైఫై మీద ప్రతి మొబైలూ ఒక ఎక్స్‌టెన్షన్ అయిపోతుంది. నా ఎక్స్‌టెన్షన్ నంబరు నూటొకటి. గదిలో ఒకరికొకరు ఎంతసేపు మాట్లాడుకున్నా పైసా ఖర్చు లేదు. బయటి ఫోన్లకు పోవడానికి మాత్రం ఒకటే దారి, సిమ్ కార్డు పెట్టే ఒక చిన్న పెట్టె. కంపెనీ లైను తీసుకునే స్తోమత లేక దాంతో సరిపెట్టుకున్నాను.

అంగడి భాయ్ మొదటిరోజే పైకొచ్చి చూసి నవ్వాడు. "క్యా సార్, కింద నేను జనాల్ని నిద్రపుచ్చే సామాన్లు అమ్ముతా ఉంటే, పైన మీరు నిద్ర లేపే సామాన్లు పెట్టినారే!" అన్నాడు. అన్నవాడే పరుపులు కోయగా మిగిలిన స్పాంజి ముక్కలన్నీ గోనెలో వేసి పైకి పంపాడు. వాటిని ఒక మూల గోడలకు అంటించి, మాటలు రికార్డు చేసే చోటు తయారు చేసుకున్నాం. పిట్ట కొంచెం, కూత ఘనం. మా ల్యాబ్ అట్లాంటిదని నేనే అందరికీ చెప్పుకునేవాణ్ణి.

అక్కడ రెండు నియమాలు పెట్టాను. ఒకటి, పాఠం నడిచేటప్పుడు సిమ్ కార్డు పెట్టెలో ఉండకూడదు. దాన్ని తీసి అగ్గిపెట్టెలో వేసి పైన గూట్లో పెట్టాలి. అప్పుడు ఎవరేం నొక్కినా గది దాటి పోదు. రెండు, ఏదైనా పొరపాటు జరిగితే ముందు లాగ్ చూడాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి. లాగ్ అంటే సర్వర్ తనంతట తాను రాసుకునే చిట్టా. ఎన్ని గంటలకు, ఏ ఎక్స్‌టెన్షన్ నుంచి, ఏం నొక్కారో అంతా అందులో ఉంటుంది. "మనుషులు అబద్ధం చెప్తారు, లాగ్ చెప్పదు" అని ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవాణ్ణి. అబ్బో, ఎంత గొప్ప గురువునో!

ఆ అమ్మాయి రెండో బ్యాచ్‌లో చేరింది. రామకుప్పం అవతల, అడవిని ఆనుకుని ఉన్న పల్లె. అమ్మానాన్నలు కూలికి పోతారు. డిప్లొమా చదివి, పుంగనూరులో హాస్టల్లో ఉంటూ వచ్చేది. తక్కువ మాట్లాడేది, ఎక్కువ చేసేది. ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"సార్, మా ఊర్లో రాగి కోతలప్పుడు ఏనుగులొస్తాయి. ఒకురు సూసినా చేలల్లో ఉండేవాళ్ళందురికీ తెలిసేలోపల అయ్యి మీదికొచ్చేస్తాయి. మన పెట్టెలో నుంచి అందురికీ ఒకేతూరి ఫోన్లు పోయేటట్లు చెయ్యొచ్చు గదా?"

చెయ్యొచ్చు. ఒకే సిమ్ కాబట్టి ఒకదాని వెంట ఒకటి పోతాయి, అంతే. నాకు తట్టనందుకు లోపల చిన్నగా ఉక్రోషం పుట్టిందని కూడా చెప్పుకోవాలి. ఒక ఆదివారం ఆ అమ్మాయి ఇల్లిల్లూ తిరిగి ముప్పైకి పైగా నంబర్లు రాసుకొచ్చింది. కూలికి పోయే ఇంటి పిల్ల వాకిట్లోకి వచ్చి అడిగితే పెద్ద రైతులు నంబర్లివ్వడం ఆ ఊళ్ళో మామూలు సంగతి కాదు. "మా అమ్మ నమ్మలా సార్, నీ మాట ఎవురింటారే అనింది" అని నవ్వింది. ఆ నంబర్లన్నీ ఊరి లిస్టుగా సర్వర్లో ఎక్కించి, స్పాంజి మూలలో కూర్చుని తన గొంతుతోనే కబురు రికార్డు చేసింది.

"అప్పా, అమ్మా, నేను మాట్లాడతాండాను. ఏనుగులు చేల పక్కకొచ్చినాయి. యాడ పని ఆడనే ఇడిసిపెట్టి ఇండ్లకాడికి రాండి. తొందరగా రాండి."

తర్వాతి శనివారం మధ్యాహ్నం బస్సుకు ఆమె ఊరికి పోయింది. పోయేముందు ఊరి లిస్టులో తప్పుపడిన ఒక నంబరు సరిచేసి పోయింది. సాయంత్రం మదనపల్లె నుంచి ఒక ప్రిన్సిపాల్ గారు ల్యాబ్ చూడటానికి వచ్చారు. ఆయనకు నచ్చితే వాళ్ళ కాలేజీ పిల్లలందరినీ నా దగ్గరికి పంపుతారు. లేదంటే ఆ ఏడుతో ల్యాబ్ మూసుకోవాల్సిందే. అందుకని గొప్పలకు పోయాను. అగ్గిపెట్టె తెరిచి సిమ్ తీసి పెట్టెలో పెట్టాను. నా నంబరొక్కటే ఉన్న టెస్ట్ లిస్టు వేరే ఉంది. "చూడండి సార్, ఇక్కడ నొక్కితే అక్కడ నా మొబైల్ మోగుతుంది" అంటూ నొక్కాను. తెర మీద ఉన్నది ఏ లిస్టో చూడలేదు. నోరు ఆడుతుంటే కళ్ళు పని చేయవు నాకు.

నా మొబైల్ మోగలేదు. "శనివారం కదా సార్, నెట్‌వర్క్ రద్దీ" అని దబాయించి ఆయన్ను టీకి కిందికి తీసుకుపోయాను. మేం టీ తాగినంతసేపూ పైన ఆ పెట్టె ఒక్కో ఇంటికీ ఫోన్ చేసుకుంటూ పోయింది. ఊరివాళ్ళ చేతుల్లో ఆ అమ్మాయి గొంతు మోగుతూ ఉంటే, ఆ అమ్మాయి వాళ్ళ మధ్యే నిలబడి ఉందట.

గ్లాసు కింద పెడుతుండగా నా మొబైల్ మోగింది. ఆమే. వెనక ఏనుగుల్ని తరిమే డప్పులు, టపాసులు, కేకలు.

"సార్, ఊరంతా ఫోన్లు వస్తాండాయి..."

"మేం కాదు" అన్నాను. ఎవరు చేశారని ఆ పిల్ల అడగనేలేదు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

ఎవరో పెద్దమనిషి ఫోన్ లాక్కున్నాడు. "ఎవురప్పా ఇది చేసింది? ఏనుగుల్లేవు, ఏమీ లేవు. ముసిలాయన గట్టుమింద పరిగెత్తి పడి కాలిరగ్గొట్టుకున్నాడు. ఫోను మొదుట్నుంచీ స్పీకర్లోనే ఉండాది, అందురూ ఇంటాండారు, చెప్పు!"

ప్రిన్సిపాల్ గారు నా మొహంలోకే చూస్తున్నారు. అప్పటికే నాకు విషయం అర్థమైంది. ఒక్క క్షణం చాలు మనిషి బండారం బయటపడటానికి.

"ఆ అమ్మాయే పోయేముందు టైమర్ పెట్టి పోయినట్టుందండీ. చిన్నపిల్ల, తెలియక..." అన్నాను.

అవతల ఆ అమ్మాయి గొంతు వినపడలేదు. నేను కాదు అని కూడా అనలేదు. పైకి పరిగెత్తి సిమ్ పీకేశాను. దిగి వచ్చేసరికి ప్రిన్సిపాల్ గారు "పిల్లల చేతికి ఇట్లాంటివి ఇవ్వకూడదండీ" అన్నారు. "అవునండీ" అని తలూపాను. ఛీ! ఆ తలూపుడు గుర్తొస్తే ఇప్పటికీ అన్నం ముందు నుంచి లేచిపోవాలనిపిస్తుంది.

మర్నాడు ఆదివారం, లాగ్‌లో ఆ వరుస చెరిపేద్దామని మదనపల్లె నుంచి బస్సెక్కి వచ్చాను. అవును, అందుకే వచ్చాను. మెట్ల దగ్గర భాయ్ ఎదురుపడి "సెలవు పొద్దు కూడా పిల్లల కోసం వచ్చినారా సార్! మీలాంటి మాష్టర్లు యాడుండారు" అన్నాడు. ఆ మెట్లు ఎక్కలేకపోయాను. ఏదో మరచిపోయినట్టు జేబులు తడుముకుని వెనక్కి తిరిగాను.

సోమవారం ఆమె వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. కూర్చుని, నేను నేర్పినట్టే, ముందు లాగ్ తెరిచింది. నా కుర్చీలోంచి ఆ తెర నాకు కనిపిస్తూనే ఉంది. శనివారం, సాయంత్రం ఐదూ పది, ఎక్స్‌టెన్షన్ నూటొకటి, ఊరి లిస్టు, చేత్తో నొక్కినది. టైమర్ ఊసే లేదు. ఒక వరుస చదవడానికి అంతసేపు పట్టదు. మళ్ళీ మళ్ళీ చదివినట్టుంది. తర్వాత మూసేసి నా వైపు తిరిగింది.

"ఈ పొద్దు ఏం చేద్దాం సార్?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నొప్పి ఉంది, అరవడానికి లేదు. గొంతు సర్దుకుని పాఠం మొదలుపెట్టాను. ప్రిన్సిపాల్ గారి కాలేజీ పిల్లలు పై నెలలోనే చేరారు.

పది రోజుల తర్వాత పండ్లు తీసుకుని ఆ ఊరికి పోయాను. ఆ అమ్మాయే దారి చూపించింది. బస్సులో దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. ముసలాయన మంచం మీద కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. ఆమె అమ్మానాన్నలు కూలి చేసేది ఆయన చేలోనే. తల్లి గోడ పక్కన నిలబడి ఉంది, నా మొహం చూడలేదు.

"పిల్లని ఏమనొద్దప్పా" అన్నాడు ముసలాయన, నన్నే చూస్తూ.

"అబ్బే, లేదండీ" అన్నాను. అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు.

"ఊర్లో వాళ్ళు ఇంక పిల్ల గొంతు నమ్మరంట. నీ గొంతు పెట్టు సారూ. నొక్కేది గూడా ఇంకెవురొద్దు, నువ్వే నొక్కు."

చుట్టూ ఉన్నవాళ్ళు "అదే మేలు, సారైతే తప్పు చెయ్యడు" అన్నారు. నాకు రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టారు. కూర్చుకున్న మాటలన్నీ సంగటి ముద్దతో పాటే మింగేశాను.

పుంగనూరు వచ్చాక స్పాంజి మూలలో కూర్చుని నా గొంతు రికార్డు చేశాం. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నది ఆ అమ్మాయే.

"ఇంకోతూరి చెప్పండి సార్. గొంతు వణకతాండాది."

మూడుసార్లు చెప్పాను. మూడోది బాగుందంది. "నా ఫైలు తీసేస్తాండాను సార్" అని తనే తన గొంతును చెరిపేసింది. నోరు తెరవడానికి అంతకంటే మంచి అదను ఏముంటుంది? "సరేమ్మా" అన్నాను. కోర్సు అయిపోయాక కుప్పంలో ఒక ఆస్పత్రిలో ఫోన్లు చూసుకునే ఉద్యోగం దొరికిందని చెప్పి, భాయ్‌కి, నాకు మైసూర్‌పాకు పెట్టి వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు రాగి కోతల్లో ఏనుగులు నిజంగానే వచ్చాయి. ఒక సాయంత్రం ల్యాబ్‌లో ఉండగా, చేలకు కావలి ఉన్నతను నాకు ఫోన్ చేశాడు. "నువ్వు కళ్ళారా చూశావా?" అని రెండుసార్లు అడిగాను. లిస్టు మూడుసార్లు చూసుకున్నాను. నొక్కాను. చేలల్లో ఉన్న వాళ్ళందరూ ఇళ్ళు చేరారు. రాగి సగం పోయింది గానీ మనుషులకు ఏమీ కాలేదు.

మర్నాడు పొద్దున్నే ముసలాయన ఫోన్ చేశాడు. "నీ గొంతు ఊరిని కాపాడిందప్పా!" అన్నాడు. ఆ మెచ్చుకోలు నేను మోయలేకపోయాను. ఏడాదిగా గొంతులో అడ్డుపడిన మాట అప్పుడు బయటికొచ్చింది.

"పెద్దాయనా, ఆ శనివారం నొక్కింది ఆ అమ్మాయి కాదు. నేను. మీ కాలు విరగ్గొట్టింది నేను."

"తెలుసులే" అన్నాడు.

"ఎట్లా తెలుసు?" అన్నాను.

"ఆ పొద్దు నేను పడుండిన చోటనే గదప్పా స్పీకరు పెట్టినారు. ఎవురూ అడక్కముందే, మేం కాదనింది నువ్వు. ఆ పిల్ల నా కాలు పట్టుకోని ఏడ్సిందే గానీ, నేను కాదని ఒక్క మాటనలా. తప్పు చేసినోడే ముందర కాదంటాడు. నాకు ఇన్నేండ్లొచ్చినాయి, ఆమాత్రం తెలీదా?"

"మరి నన్నే నొక్కమన్నారే?"

"తప్పు చేసి దాసిపెట్టుకున్నోడు పదితూర్లు సూసుకోని నొక్కుతాడు. సూసుకున్నావు గదా?" అని, మళ్ళీ తనే అడిగాడు. "నాకు చెప్పినావు, సరే. ఆ పిల్లకు చెప్పినావా?"

ఆ వారమే కుప్పం పోయాను. ఆస్పత్రిలో మందుల కౌంటర్ పక్కన చిన్న అద్దాల గదిలో ఉంది. చీర కట్టింది, మెడలో గుర్తింపు కార్డు. నన్ను చూసి లేచి నిలబడింది. నేను మాత్రం కూర్చోలేదు. నూటొకటి నాది, నొక్కింది నేను, నీ మీద పెట్టింది నేను అని చెప్పాను.

"తెలుసు సార్. సోమవారం సూసినాను గదా."

"మరి ఎందుకమ్మా అడగలేదు?"

"మీరే చెప్తారనుకుంటి. ఆ పొద్దంతా చెప్తారని సూసినాను. మళ్ళ ఊరికొచ్చినప్పుడు చెప్తారనుకుంటి. మీ గొంతు రికార్డు చేసేటప్పుడు గూడా..." అని ఆగింది. తర్వాత ఏడుపు లేకుండా, మామూలుగా చెప్పింది. "ఆ పొద్దు మా అమ్మ నన్ను అందురి ముందరా కొట్టింది సార్. వాళ్ళ చేలో కూలికి పోవాల గదా, భయం. చీపురు కట్ట ఇరిగిపొయ్యేదాకా కొట్టింది."

ఆ సంగతి నాకు తెలియదు. అడిగి ఉంటే తెలిసేది, అడిగితే గదా. నేను నోరు జారిన ఒక్క మాటకు అవతల చీపురుకట్ట విరిగింది. ఆ వేళకు నేను పుంగనూరులో ప్రిన్సిపాల్ గారిని బస్సెక్కిస్తున్నాను.

"మీ ఊళ్ళో అందరికీ చెప్తానమ్మా. ఇప్పుడే ఫోన్ చేస్తాను, మీ అమ్మతో మాట్లాడతాను."

"మా అమ్మ ఆ పొద్దు నుంచి ఫోను ముట్టుకోదు సార్. పోయి చెప్పాల."

పోయాను. తల్లి రాగి చేలో పడిన కంకులు ఏరుతోంది. ఏనుగులు తొక్కగా మిగిలినవి. గట్టు మీద నిలబడి, పక్క చేలవాళ్ళకు కూడా వినపడేటట్టు, అంతా చెప్పాను. తప్పంతా నాదేనన్నాను, చేతులు జోడించాను. చెప్పేశాక, సిగ్గులేదు నాకు, కొంచెం తేలిక పడ్డాను కూడా.

ఆమె ఒడిలో కంకులు అట్లాగే పట్టుకుని నా వైపు తిరిగింది.

"తప్పు చేసింది కాబట్టి కొట్టినాను అని ఇన్నాళ్ళూ అనుకోని ఉంటి సారూ" అంది. "ఇప్పుడు నేనేం చెయ్యాల?"

చెప్పులు విప్పి పక్కన పెట్టి, చేలోకి దిగి, ఆమె వెనకే కంకులు ఏరడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు, రమ్మనీ అనలేదు.